డిఫెన్స్ అర్థం కావాలంటే ముందు ఎవరి కెరీర్ చూడాలి? వాట్, డొనాల్డ్, రెవిస్, కీక్లీ

అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టిన మనవాళ్లలో చాలామంది ముందు పట్టుకునేది క్వార్టర్‌బ్యాక్‌నే. బంతి అతని చేతిలో ఉంటుంది, కెమెరా అతని మీదే ఉంటుంది, మధ్యలో వచ్చే ప్రకటనల్లోనూ అతనే కనిపిస్తాడు. అవతలి పదకొండు మంది ఏం చేస్తున్నారన్న ప్రశ్న నాకు హ్యూస్టన్ వచ్చిన మూడేళ్లకు గానీ రాలేదు. అప్పుడు ఆఫీసులో నలుగురిని అడిగితే నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు. వీళ్లలో ఎవరితో మొదలుపెడితే డిఫెన్స్ అర్థమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను ఎవరెవరినో చూసి, కొన్ని సీజన్లు వృథా చేసుకున్నాక తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న తెనాలి దగ్గర ఊళ్లో కబడ్డీ ఆడేవారు. ఎడమ కార్నర్. ఆయన ఎప్పుడూ ఒక మాట అంటుంటారు: కూతకు వచ్చినవాడు ఒక్క పాయింటు కూడా పట్టుకోకుండా వెనక్కి పోయాడంటే ఆ కూత మాదే అని. చూసేవాళ్లకు అక్కడ ఏమీ జరిగినట్టు ఉండదు. స్కోరు మారదు, చప్పట్లు పడవు. కానీ గీత దగ్గర నిలబడ్డ ఏడుగురికీ తాము ఏం ఆపామో తెలుసు. ఫుట్‌బాల్ డిఫెన్స్ కూడా అంతే. జరిగినదాన్ని చూడటం ఎవరికైనా వస్తుంది. జరగనివ్వకుండా ఆపినదాన్ని చూడటం నేర్చుకోవాలి. ఈ నలుగురి మధ్య ఎంపికకు నేను పెట్టుకున్న కొలత ఇదే: ఇతను చేసిన పనిలో ఎంత భాగం కంటికి నేరుగా కనిపిస్తుంది?

ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. బంతి ఉన్న జట్టుకు పది యార్డులు దాటడానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. దాటితే మళ్లీ కొత్తగా నాలుగు వస్తాయి, దాటలేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. క్రికెట్‌లో లాగా ఒకే పదకొండు మంది బ్యాటింగూ ఫీల్డింగూ చేయరు. బంతి ముందుకు తీసుకెళ్లేవాళ్లు వేరు, ఆపేవాళ్లు వేరు. ఆపేవాళ్లలో మూడు వరసలుంటాయి. ముందు లైన్, దాని వెనక లైన్‌బ్యాకర్లు, చివర, విసిరిన బంతి పట్టుకునే రిసీవర్లను కాచుకునే కార్నర్‌బ్యాక్‌లు, సేఫ్టీలు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే అతన్ని ఆట మొదలైన గీత వెనక పడగొడితే అది సాక్. మిగతావి చూస్తూ ఉంటే వచ్చేస్తాయి.

జేజే వాట్: మొదటి రోజే అర్థమయ్యే ఆట

పిల్లలతో కలిసి చూసేవాళ్లు, ఆటకు పూర్తిగా కొత్తవాళ్లు వాట్‌తో మొదలుపెట్టండి. ఇందులో నాకు సందేహం లేదు.

వాట్ 1989లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టాడు. కాలేజీలో మొదటి ఏడాది సెంట్రల్ మిషిగన్ యూనివర్సిటీకి టైట్ ఎండ్‌గా ఆడాడు. అంటే బంతి పట్టుకునే వైపు. ఆ స్కాలర్‌షిప్ వదులుకుని, జట్టులో చోటు ఉంటుందన్న హామీ ఏదీ లేకుండా సొంత రాష్ట్రంలోని విస్కాన్సిన్ యూనివర్సిటీకి వచ్చాడు. ఆ మధ్యకాలంలో పిజ్జాలు డెలివరీ చేశాడు. జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2011లో, 11వ ఆటగాడిగా హ్యూస్టన్ టెక్సాన్స్ తీసుకుంది.

2012 జనవరి 7న టెక్సాన్స్ చరిత్రలోనే మొదటి ప్లేఆఫ్ మ్యాచ్, సిన్సినాటి బెంగాల్స్‌తో. రెండో క్వార్టర్ చివర్లో క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ విసిరిన బంతిని వాట్ తన ముందే, చేయి చాచినంత దూరంలో గాల్లో పట్టేసి 29 యార్డులు పరిగెత్తి, అవతలి చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. టెక్సాన్స్ 31-10తో గెలిచింది. అది నేను హ్యూస్టన్ వచ్చిన మొదటి శీతాకాలం. అపార్ట్‌మెంట్ గోడల అవతలి నుంచి అరుపులు వినిపించాయి. టీవీ నా ఎదురుగానే ఉన్నా నాకు అర్థమైంది ఒక్కటే, ఎవరో పెద్దమనిషి బంతి లాక్కున్నాడని.

తర్వాత తెలిసింది, అది అదృష్టం కాదు. వాట్ ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. క్వార్టర్‌బ్యాక్ దాకా వెళ్లే దారి లేదని తెలిసిన క్షణంలో తోపులాట ఆపేసి, విసిరేవాడి చేయి చూసి ఎగిరేవాడు. 2012 సీజన్‌లో అలా 16 పాస్‌లు అడ్డుకున్నాడు. లైన్‌లో ఆడేవాడికి అది మామూలు సంఖ్య కాదు. అదే సీజన్‌లో 20.5 సాక్‌లు (ఇద్దరు కలిసి పడగొడితే చెరో సగం). 2014లో మళ్లీ 20.5. రెండు సీజన్లలో ఇరవై దాటిన మొదటి ఆటగాడు అతనే. ఆ 2014లో ఐదు టచ్‌డౌన్లు కూడా చేశాడు. మూడు అటాక్ వైపు వెళ్లి పాస్ పట్టుకుని, ఒకటి బఫెలో బిల్స్ మీద 80 యార్డులు పరిగెత్తి, ఇంకొకటి కిందపడ్డ బంతి తీసుకుని. 2012, 2014, 2015లో ఏటా ఒకరికే ఇచ్చే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి అవార్డు గెలిచాడు.

ఇంత స్పష్టంగా కనిపించే ఆట కాబట్టే మొదలుపెట్టడానికి బాగుంటుంది. లోపం కూడా అక్కడే ఉంది. వాట్‌ను మాత్రమే చూసి డిఫెన్స్ అంటే ఇదేననుకుంటే మిగతా పదిమంది మీకు ఎప్పటికీ కనిపించరు. నేను 2014 అంతా ఆ తప్పే చేశాను.

కెరీర్ రెండో సగంలో దెబ్బలే ఎక్కువ. 2016లో వెన్ను ఆపరేషన్, 2017లో కాలి ఎముక విరగడం, 2019లో ఛాతీ కండరం చిరగడం. అయినా 2020 జనవరిలో బఫెలోతో ప్లేఆఫ్‌కు తిరిగొచ్చి, జట్టు 16-0తో వెనకబడి ఉన్నప్పుడు చేసిన ఒక్క సాక్‌తో మ్యాచ్ తిప్పాడు. ఓవర్‌టైమ్‌లో టెక్సాన్స్ 22-19తో గెలిచింది. చివరి రెండేళ్లు అరిజోనా కార్డినల్స్‌కు ఆడి, 2022 తర్వాత 114.5 సాక్‌లతో మానేశాడు. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఆడనే లేదు. హ్యూస్టన్‌లో ఉండే మా అందరికీ మాత్రం 2017 ఆగస్టు గుర్తుంటుంది. హార్వీ తుఫాను నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు అతను 2 లక్షల డాలర్ల లక్ష్యంతో మొదలుపెట్టిన విరాళం 3.7 కోట్ల డాలర్లు దాటింది. ఆ వారం మా వీధిలో ఫుట్‌బాల్ ఎప్పుడూ చూడని అమ్మమ్మలకు కూడా అతని పేరు తెలిసింది.

ఆరన్ డొనాల్డ్: ఇద్దరు కావాల్సిన ఒక్కడు

వాట్ తర్వాత మెట్టు డొనాల్డ్. పిట్స్‌బర్గ్ కుర్రాడు, అక్కడి యూనివర్సిటీలోనే చదివాడు. 2014 డ్రాఫ్ట్‌లో 13వ ఆటగాడిగా రామ్స్‌కు వెళ్లాడు. లైన్ మధ్యలో ఆడే డిఫెన్సివ్ టాకిల్‌కు అతని శరీరం చిన్నదని అప్పట్లో అనుమానం. ఆరడుగుల ఒక అంగుళం, 280 పౌండ్ల చుట్టూ బరువు. ఆ చోట 310, 320 పౌండ్ల వాళ్లు మామూలు.

డొనాల్డ్ విలువ తెలియాలంటే చిన్న లెక్క చాలు. క్వార్టర్‌బ్యాక్ ముందు అతన్ని కాపాడటానికి ఐదుగురు ఉంటారు. అటు నుంచి నలుగురు దూసుకొస్తారు. డొనాల్డ్‌ను ఒక్కడు ఆపలేడు, ఇద్దరు కావాలి. ఇక మిగిలింది ముగ్గురికి ముగ్గురు. ఎవరికీ పక్కవాడి సాయం లేదు. ఆ ముగ్గురిలో ఒకడు సాక్ చేస్తే లెక్కల్లో అతని పేరే పడుతుంది. డొనాల్డ్ పేరు ఎక్కడా ఉండదు. ఇంత జరిగాక కూడా సొంతంగా 2018లో 20.5 సాక్‌లు చేశాడంటే, అదీ లైన్ మధ్యలోంచి, చూసిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది. 2017, 2018, 2020లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అతనే. ఆ అవార్డు మూడుసార్లు గెలిచింది లారెన్స్ టేలర్, వాట్, డొనాల్డ్ మాత్రమే.

ఒకే ఒక్క సాయంత్రం టైమ్ ఉన్నవాళ్లకు నా సలహా: 2022 ఫిబ్రవరి 13న జరిగిన 56వ సూపర్ బౌల్, బెంగాల్స్‌తో, చివరి రెండు నిమిషాలు. రామ్స్ 23-20 ఆధిక్యంలో ఉంది. బెంగాల్స్‌కు కావాల్సింది ఒక్క యార్డు. మూడో డౌన్‌లో బంతి తీసుకుని వచ్చినవాణ్ణి డొనాల్డ్ అక్కడికక్కడే పట్టుకుని ఆపాడు. నాలుగో డౌన్‌లో జో బరో చుట్టూ చేతులు వేసి తిప్పేస్తే బంతి ఎటో పోయింది. హెల్మెట్ తీసి తన ఉంగరం వేలు చూపిస్తూ పరిగెత్తాడు, సూపర్ బౌల్ గెలిచినవాళ్లకు ఉంగరం ఇస్తారు మరి. ఇది అందరూ చూసిందే. మీరు చూడాల్సింది దానికి ముందు అరగంట. అతని ముందు ఎంతమంది నిలబడుతున్నారో ప్రతి డౌన్‌కూ లెక్కపెట్టండి.

పది సీజన్లు ఆడాడు, పదిసార్లూ ప్రో బౌల్‌కు, అంటే ఆ ఏడాది మేటి ఆటగాళ్లలో ఒకడిగా, ఎంపికయ్యాడు. 111 సాక్‌లతో 2024 మార్చిలో, ఇంకా బాగా ఆడుతున్నప్పుడే, 32 ఏళ్లకు తప్పుకున్నాడు.

డరెల్ రెవిస్: అతని వైపు బంతి రాదు

ఇక్కడి నుంచి కష్టం. రెవిస్‌ను మొదటి సీజన్‌లో చూడమని ఎవరికీ చెప్పను. అతను బాగా ఆడిన రోజున టీవీలో అతను కనిపించడు.

రెవిస్ కార్నర్‌బ్యాక్. పెన్సిల్వేనియాలోని అలిక్విపా అనే చిన్న పట్టణం నుంచి వచ్చాడు. 2007లో న్యూయార్క్ జెట్స్ 14వ ఆటగాడిగా తీసుకుంది. మామూలుగా అవతలి జట్టులోని గొప్ప రిసీవర్‌ను ఇద్దరు కాస్తారు. ఒక కార్నర్, వెనక సాయంగా ఒక సేఫ్టీ. 2009లో జెట్స్‌కు కోచ్‌గా వచ్చిన రెక్స్ రయన్ ఆ సాయం తీసేశాడు. ఆ రిసీవర్ ఎవరైనా సరే రెవిస్ ఒక్కడే చూసుకుంటాడు. మిగిలిన మనిషిని క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపిస్తాడు. జెట్స్ డిఫెన్స్ మొత్తం ఆ ఒక్కడి మీద నమ్మకంతో కట్టింది. రిసీవర్‌ను దీవిలో వదిలేసినట్టుగా ఉంటుందని దానికి రెవిస్ ఐలాండ్ అని పేరొచ్చింది.

మా నాన్న హ్యూస్టన్ వచ్చినప్పుడు 2009 సెప్టెంబర్ 13 మ్యాచ్ రికార్డింగు ఇద్దరం కలిసి చూశాం. టెక్సాన్స్, జెట్స్. ఆండ్రే జాన్సన్ ఆట చూపిద్దామని పెట్టాను. ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ, 1,569 యార్డులు సాధించిన రిసీవర్ అతను. సగం మ్యాచ్ అయ్యాక నాన్న అడిగారు.

“ఒరేయ్, గొప్పవాడన్నావు కదా, ఆ 80 నంబరువాడికి బంతి వేయరేంట్రా?”

“వేస్తారు నాన్నా, చూడండి.”

“వేయట్లేదు. పక్కన 24 ఉన్నాడు చూడు. వాడు ఎటు వెళ్తే వాడూ అటే. వీడెవడో చెప్పు ముందు.”

ఆట నియమాలు సగం కూడా తెలియని మనిషి. కార్నర్ ఆడినవాడికి కార్నర్ కనిపించాడు. ఆ మ్యాచ్‌లో జాన్సన్‌కు దక్కింది నాలుగు క్యాచ్‌లు, 35 యార్డులు. తర్వాతి వారం న్యూ ఇంగ్లండ్ తరఫున ఆడిన రాండీ మాస్‌కు నాలుగు క్యాచ్‌లు, 24 యార్డులు.

ఇక్కడే అంకెలు మోసం చేస్తాయి. 2009లో రెవిస్‌కు ఆరు ఇంటర్‌సెప్షన్లు, అంటే అవతలివాళ్ల పాస్‌ను మధ్యలో పట్టేయడం. 2010లో సున్నా. లెక్కల పట్టిక మాత్రమే చూసినవాడు ఆట పడిపోయిందనుకుంటాడు. ఆ రెండు సీజన్లలోనూ అతను, లీగ్ మొత్తంలో ఒక్కో స్థానానికి మేటివాళ్లను ఎంచే ఆల్-ప్రో మొదటి జట్టులో ఉన్నాడు. తన వైపు రాని బంతిని ఎవరూ పట్టుకోలేరు కదా.

డబ్బు సంగతి అర్థం చేసుకోవాలన్నా ఇతని కెరీరే చూడాలి. ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేపర్లో వచ్చే పెద్ద అంకె మొత్తం ఆటగాడికి రాకపోవచ్చు. చాలా ఒప్పందాల్లో హామీ ఉన్న భాగం వేరు, మిగతాది వేరు. జట్టు మధ్యలో వదిలేస్తే ఆ మిగతాది పోయినట్టే. రెవిస్ 2007లో, 2010లో ఒప్పందం కోసం శిక్షణకు వెళ్లకుండా కూర్చున్నాడు. 2012లో మోకాలి లిగమెంటు తెగింది. 2013లో టాంపా బే బక్కనీర్స్ ఆరేళ్లకు 9.6 కోట్ల డాలర్లు ఇస్తామంది, హామీ మాత్రం ఒక్క డాలరూ లేదు. సరిగ్గా ఒక్క సీజన్ తర్వాత వదిలేసింది. అతను న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌కు వెళ్లి ఆ సీజన్‌లోనే 49వ సూపర్ బౌల్ గెలిచాడు. 2015లో మళ్లీ జెట్స్ పిలిచి ఐదేళ్లకు 7 కోట్లు ఇచ్చింది, అందులో 3.9 కోట్లు హామీ. కొందరు అతన్ని డబ్బు మనిషి అన్నారు. నేను ఒప్పుకోను. మోకాలు ఎప్పుడు పోతుందో తెలియని పనిలో ఉన్నవాడు తన ధర తాను అడగటంలో తప్పేముంది?

2017లో కాన్సస్ సిటీతో ఆట ముగిసింది. 2023లో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

లూక్ కీక్లీ: బంతి కదలకముందే

నలుగురిలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు కీక్లీ. అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

సిన్సినాటిలో పుట్టాడు, బోస్టన్ కాలేజీలో చదివాడు. 2012లో కరోలైనా పాంథర్స్ 9వ ఆటగాడిగా తీసుకుంది. మిడిల్ లైన్‌బ్యాకర్, 59 నంబరు జెర్సీ. మొదటి సీజన్‌లోనే 164 టాకిల్స్‌తో (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడగొట్టడం) లీగ్‌లో అందరికంటే ముందున్నాడు. రెండో సీజన్, అంటే 2013లో, ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు.

అయితే టాకిల్స్ సంఖ్య ఒక్కటే చూస్తే లైన్‌బ్యాకర్ గురించి ఏమీ తెలియదు. ఎనిమిది యార్డులు పోయాక పడగొట్టినా ఒకటే, ఒక యార్డు దగ్గర పడగొట్టినా ఒకటే. తేడా అంతా ఎక్కడ పడగొట్టాడన్నదాంట్లో ఉంటుంది. కీక్లీ మామూలుగా బంతికంటే ముందే అక్కడ ఉండేవాడు.

ఎలా? డిఫెన్స్‌లో ఒక్క ఆటగాడి హెల్మెట్‌లో మాత్రమే రేడియో ఉంటుంది, వెనక ఆకుపచ్చ చుక్కతో. 2008 నుంచి ఈ పద్ధతి ఉంది. కోచ్ చెప్పింది అతను విని మిగతా పదిమందికీ చెప్పాలి. ఒక్కో డౌన్ మొదలుపెట్టడానికి ఇచ్చే గడియారంలో 15 సెకన్లు మిగిలాయనగా ఆ రేడియో ఆగిపోతుంది. ఇక ఆ తర్వాత ఎదుటి జట్టు ఏం మార్చినా, ఎవరు ఎటు జరిగినా, జవాబు చెప్పాల్సింది ఆ ఆకుపచ్చ చుక్క మనిషే. కీక్లీ ఆ చివరి సెకన్లలో ఆడిన ఆట ఇంకెవరూ ఆడగా నేను చూడలేదు. వారమంతా అవతలి జట్టు వీడియోలు చూసి, ఈ వరసలో నిలబడితే ఈ ఆట వస్తుందని గుర్తుపెట్టుకునేవాడు. మైకు పెట్టిన మ్యాచ్‌ల క్లిప్పులు దొరుకుతాయి, వినండి. బంతి కదలకముందే ఏ ఆట రాబోతోందో అరిచి చెబుతుంటాడు, తన వాళ్లను ఒక్కొక్కరిని పేరు పెట్టి జరుపుతుంటాడు. ఎదుటివాళ్లు అదే ఆట ఆడతారు, రెండు యార్డుల దగ్గర పడిపోతారు.

2015 సీజన్‌లో పాంథర్స్ 15 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటి ఓడింది. 2016 జనవరిలో ప్లేఆఫ్స్‌లో సియాటిల్ మీద రస్సెల్ విల్సన్ పాస్, వారం తర్వాత అరిజోనా మీద కార్సన్ పామర్ పాస్, రెండూ పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. ఆ రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టుకుని చూడండి. 50వ సూపర్ బౌల్‌లో మాత్రం డెన్వర్ 24-10తో గెలిచింది.

తర్వాత 2016 నవంబర్ 17, గురువారం రాత్రి, న్యూ ఆర్లియన్స్‌తో మ్యాచ్. ఒక దెబ్బ తగిలి కింద కూర్చున్నాడు. బండిలో బయటికి తీసుకెళ్తుంటే వెక్కి వెక్కి ఏడ్చాడు. దేశమంతా లైవ్‌లో చూసింది. అది కంకషన్, అంటే తలకు తగిలిన దెబ్బతో మెదడు అదిరిపోవడం. 2015, 2016, 2017 మూడేళ్లూ అతనికి కంకషన్లు అయ్యాయి. ఆ మ్యాచ్ నేను మా అమ్మాయితో కలిసి చూస్తున్నాను, టీవీ ఆపేయాల్సి వచ్చింది. 2020 జనవరి 14న, 28 ఏళ్లకు, కీక్లీ ఆట మానేస్తున్నట్టు చెప్పాడు. వేగంగా, బలంగా ఆడాలని ఉంది కానీ ఇక అలా ఆడగలనని అనిపించట్లేదన్నది అతని మాటల సారాంశం. ఎనిమిది సీజన్లు, ఏడు ప్రో బౌల్‌లు, 1,092 టాకిల్స్. ఇంకా కొన్నేళ్ల జీతం ఎదురుగా ఉంది. వదిలేసి వెళ్లాడు.

కీక్లీలాగే లైన్‌బ్యాకర్‌గా ఆడిన శాండియాగో జట్టు గొప్ప ఆటగాడు జూనియర్ సియావ్ 2012లో ఆత్మహత్య చేసుకున్నాడు. అతని మెదడు పరీక్షలో తలకు పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే జబ్బు, సీటీఈ, ఉన్నట్టు తేలింది. కీక్లీ కెరీర్‌ను ఆ సంగతి తెలిసి చూడాలి. మా అబ్బాయి హైస్కూల్ జట్టులో చేరతానంటున్నాడు, ఏం చేయమంటారని టెన్షన్‌తో అడిగే తల్లిదండ్రులకు నేను మొదట చూపించేది ఇతన్నే. ఆట ఎంత అందంగా ఉంటుందో, ఎంత తీసుకుంటుందో రెండూ ఒక్క మనిషిలో కనిపిస్తాయి.

ఎవరికి ఎవరు

కొత్తవాళ్లకు, పిల్లలున్న ఇంటికి వాట్. టైమ్ లేనివాళ్లకు డొనాల్డ్. కబడ్డీనో క్యారమ్సో చెస్సో ఆడి ఎదుటివాడి తరువాతి ఎత్తు ఊహించడం అలవాటైనవాళ్లు వాట్‌ను దాటేసి నేరుగా కీక్లీ దగ్గరికి వెళ్లినా నష్టం లేదు. ఆటతో పాటు ఒప్పందాలు, డ్రాఫ్ట్, జట్టు డబ్బు లెక్కల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు రెవిస్, కానీ రెండో సీజన్‌లో.

ఒక్కరినే ఎంచుకోమంటే కీక్లీని ఎంచుకుంటాను. వాట్, డొనాల్డ్ ఎదురుగా ఉన్నవాడిని గెలుస్తారు. రెవిస్ ఒక్క రిసీవర్‌ను మాయం చేస్తాడు. కీక్లీని చూస్తే పదకొండు మందీ ఎందుకు అక్కడక్కడ నిలబడ్డారో తెలుస్తుంది. అతన్ని ఒక సీజన్ చూశాక మిగతా ముగ్గురి ఆట వేరేగా కనిపిస్తుంది. నాకు అలాగే జరిగింది, వాట్ 2014 సీజన్ మ్యాచ్‌లు మళ్లీ పెట్టుకుని చూశాను.

ఉంగరాలు లెక్కపెట్టి ఎంచుకునేవాళ్లుంటారు. వాట్‌కు, కీక్లీకి లేదు, డొనాల్డ్‌కు, రెవిస్‌కు ఒక్కొక్కటి. ఆ కొలత క్వార్టర్‌బ్యాక్‌లకే సరిగా సరిపోదు, డిఫెన్స్‌కు అసలు పనికిరాదు.

లారెన్స్ టేలర్‌ను ఎందుకు వదిలేశావని పాత అభిమానులు అడుగుతారు. గొప్పవాడే, లైన్‌బ్యాకర్ పనినే మార్చేశాడు. కానీ 1980ల ప్రసారాల్లో చిత్రం మసకగా ఉంటుంది, ఆట తీరు కూడా ఇప్పటిది కాదు. సాక్‌లను అధికారికంగా లెక్కపెట్టడం 1982లోనే మొదలైంది కాబట్టి అతని మొదటి సీజన్ సాక్‌లు రికార్డులోనే లేవు. కొత్తవాళ్లకు అతను తరువాతి మెట్టు. మన భారతీయ మూలాలున్నవాళ్లెవరైనా ఆడారా అని అడిగేవాళ్లకు బ్రాండన్ చిల్లర్ పేరు చెబుతాను. తండ్రి భారతీయ మూలాలవాడు. రామ్స్‌కు, గ్రీన్ బే పాకర్స్‌కు లైన్‌బ్యాకర్‌గా ఆడాడు.

ఎలా చూడాలి

మామూలు టీవీ ప్రసారంలో కెమెరా బంతి చుట్టూ బిగించి ఉంటుంది. వాట్, డొనాల్డ్, కీక్లీ బంతి దగ్గరే ఉంటారు కాబట్టి దానికి సరిపోతారు. రెవిస్ మాత్రం స్నాప్ (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) అయిన రెండో సెకనుకే ఫ్రేమ్ దాటిపోతాడు. కార్నర్‌బ్యాక్‌లను చూడాలంటే మైదానంలోని ఇరవై రెండు మందీ కనిపించేలా పైనుంచి తీసిన ఆల్-22 అనే కోచ్‌ల వీడియో కావాలి. అమెరికాలో అది ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియం చందాలో వస్తుంది. చందా కట్టడం ఇష్టం లేకపోతే లీగ్ యూట్యూబ్ చానెల్‌లో పాత మ్యాచ్‌ల హైలైట్స్, కొన్ని పూర్తి మ్యాచ్‌లు దొరుకుతాయి. హైలైట్స్ వాట్‌కు చాలు, మిగతా ముగ్గురికి చాలవు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇప్పటి మ్యాచ్‌లు లైవ్‌లో చూడాలనుకుంటే, ఆదివారం తూర్పు తీరంలో మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్‌లు మనకు రాత్రి పదిన్నరకు మొదలవుతాయి. నవంబర్‌లో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక పదకొండున్నరకు. సూపర్ బౌల్ సోమవారం తెల్లవారుజామున ఐదు గంటలకు.

కీక్లీ మ్యాచ్ పెట్టుకున్నప్పుడు మొదటిసారి మామూలుగా చూసేయండి. రెండోసారి బంతిని వదిలేయండి. జట్లు వరసల్లో నిలబడగానే 59 ఎక్కడున్నాడో వెతికి, స్నాప్ అయ్యేదాకా అతని చేతులు, తల ఎటు తిరుగుతున్నాయో చూడండి. ఎవరిని ఎటు జరిపాడో గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత బంతి ఎటు వెళ్లిందో చూడండి.